ఆదివారం వండి దాచిన కూరలు బుధవారానికి పాడు, పది రోజుల్లో తేటబడ్డ ముఖం ఇప్పుడు మంట

ప్రశ్న

పేరు రాయొద్దన్న ఒక పాఠకురాలు విజయవాడ నుంచి పెద్ద ఉత్తరమే రాశారు. ఆమెకు 34 ఏళ్ళు. బాబు మూడో తరగతి, పాపకు ఎనిమిది నెలలు. ప్రసూతి సెలవు అయిపోయి రెండు నెలల క్రితం మళ్ళీ ఉద్యోగంలో చేరారు. పొద్దున్న నాలుగున్నరకు లేచి, ఎనిమిదింపావుకు గడప దాటేలోగా టిఫిను, మూడు క్యారేజీలు, అత్తగారికి మధ్యాహ్నం వంట, పాపకు మెత్తటి అన్నం అన్నీ అయిపోవాలి. పగలంతా పాపను చూసుకునేది అత్తగారే. ఈ హడావుడి తగ్గుతుందని వీడియోలు చూసి, ఒక ఆదివారం వారానికి సరిపడా ఆరు కూరలు వండి ఫ్రిజ్‌లో పెట్టారు. మంగళవారానికి దొండకాయ వేపుడు మెత్తబడింది. ఆలూ కూర పలుకుపలుకుగా అయింది. బుధవారం వంకాయ కూర వాసనొచ్చి పారబోశారు. దోసెల పిండి కూడా అప్పటికే పులిసిపోయింది. ‘ఫ్రిజ్ కూడు నా మనవడికి పెట్టకు’ అన్నారు అత్తగారు. భర్త కాదనే మనిషి కాదు, ‘ఏం చెయ్యాలో చెప్పు, చేస్తాను’ అంటాడు. చెప్పే ఓపిక కూడా ఉండటం లేదట.

ఇది ఒక గొడవ. రెండోది ముఖం. పాప కడుపులో ఉన్నప్పుడు బుగ్గల మీద మంగు వచ్చింది. ఇంకో ఆరు వారాల్లో మరిది పెళ్ళి. ఈలోగా పోవాలని నిమ్మరసంలో వంటసోడా కలిపి పట్టిస్తే మండి, మచ్చ ఇంకా నల్లబడింది. తర్వాత ఆఫీసులో ఎవరో చెప్పిన ట్యూబు మందుల షాపులో కొని రాశారు. పది రోజుల్లో ముఖం తేటబడింది. నెలన్నరగా రాస్తున్నారు. ఇప్పుడు రెండు రోజులు ఆపితే చాలు, ముఖమంతా కందిపోయి మండుతోంది, మళ్ళీ రాస్తే తగ్గుతోంది. దానికి తోడు దువ్వెన పెడితే జుట్టు కుచ్చులుగా వస్తోంది. నుదుట బొట్టుబిళ్ళ పెట్టే చోట దురద, చిన్న తెల్లచుక్క. ‘అన్నీ తొందరగా అయ్యే దారి ఏదైనా చెప్పండి. అందరూ చేసుకొస్తున్నారు, నాకే చేతకావట్లేదా?’ అని అడిగారు.

సమాధానం

చేతకాకపోవడం సంగతి పక్కన పెట్టండి. ఎనిమిది నెలల పిల్లకు పాలిస్తూ, ఉద్యోగం చేస్తూ, ఐదుగురికి మూడు పూటలా వంట చూస్తున్నారు. ఆ లెక్క ఎవరు వేసినా ఒక మనిషి పనికి మించే వస్తుంది. అయితే మీ ఉత్తరంలో రెండు రకాల అడ్డదారులు కలిసిపోయాయి. వంటింట్లో పనిని ముందురోజుకు జరుపుకోవచ్చు, ఎలా జరపాలో తెలిస్తే చాలు. చర్మం దగ్గర అలాంటి వీలు లేదు. అది తన నెలా రెండు నెలలూ తీసుకుంటుంది. కాబట్టి తొందరగా తేల్చాల్సింది ముఖం సంగతి, వంట తర్వాత చూద్దాం.

ఆ ట్యూబు తీసి, వెనక చిన్న అక్షరాల్లో మందు పేర్లు చదవండి. బీటామెథసోన్, క్లోబెటసాల్, మొమెటసోన్, ఫ్లూసినొలోన్ వీటిలో ఏదున్నా అందులో స్టెరాయిడ్ ఉన్నట్టే. వాటితో పాటు హైడ్రోక్వినోన్, ట్రెటినోయిన్ కూడా ఉంటే అది మంగుకు వాడే మూడు మందుల మిశ్రమం. అలాంటివి డాక్టరు చూసి, ఇన్ని వారాలని గడువు పెట్టి రాసిచ్చే మందులు. ఇలా పైపూతగా వాడే స్టెరాయిడ్లను 2018లో మన ప్రభుత్వం షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది, అంటే చీటీ లేకుండా అమ్మకూడదు. అయినా కౌంటరు మీద అడిగితే ఇచ్చేస్తున్నారు. పది రోజుల్లో ముఖం తేటబడటానికి కారణం స్టెరాయిడ్ చర్మంలో రక్తనాళాలను ముడుచుకునేలా చేసి, వాపునూ రంగునూ తాత్కాలికంగా తగ్గించడమే. అలా వారాల తరబడి రాస్తే చర్మం పలచబడుతుంది, సన్నటి ఎర్ర నరాలు బయటపడతాయి, మొటిమలూ నూగూ వస్తాయి. ఆపగానే ముడుచుకున్న నాళాలు ఒక్కసారిగా విప్పుకుంటాయి. మీకు వస్తున్న మంట, ఎరుపు అదే. ‘రాస్తే తగ్గుతోంది కాబట్టి ఇది మంచి మందు’ అనిపించడమే ఇందులో ఉచ్చు.

మీ ముందు మూడు దార్లున్నాయి. పెళ్ళి దాకా అలాగే రాసుకోవడం ఒకటి. ఫొటోల్లో ముఖం బాగానే కనిపించవచ్చు, కానీ మరో ఆరు వారాలు అదే మందు పడితే తర్వాత ఆపినప్పుడు మంట ఇంతకంటే ఎక్కువ రోజులు పీడిస్తుంది, నెలలు కూడా పట్టొచ్చు. ఇవాళే చెత్తబుట్టలో పడేయడం రెండోది. ధైర్యంగానే ఉంటుంది గానీ, మొదటి రెండు మూడు వారాలు ముఖం బాగా కందుతుంది, ఆ మంట భరించలేక చాలామంది మళ్ళీ అదే ట్యూబు కొంటారు. మూడోది ఈ వారంలోనే చర్మవ్యాధుల డాక్టరుకు చూపించడం. నెలన్నర వాడకం కాబట్టి ఒకేసారి ఆపాలా, తక్కువ ఘాటు మందుకు మార్చి రోజు విడిచి రోజుగా తగ్గించాలా, స్టెరాయిడ్ కాని పూత ఏదైనా ఇవ్వాలా అన్నది ముఖం చూసి వాళ్ళు తేలుస్తారు. నన్నడిగితే మూడోదే. వెళ్ళేటప్పుడు ట్యూబు వెంట తీసుకెళ్ళండి, పాలిస్తున్నట్టు ముందే చెప్పండి. హైడ్రోక్వినోన్, ట్రెటినోయిన్ పాలిచ్చే రోజుల్లో సాధారణంగా వద్దంటారు. ఈలోగా ఆ మందు రాసిన బుగ్గను పాప బుగ్గకు ఆనించకండి. పసిచర్మం పలచన, అంటిన మందు ఇట్టే లోపలికి పోతుంది.

నిమ్మరసం, సోడా ఎందుకు వికటించిందో కూడా చెప్తాను, రేపు ఇంకో వీడియో ఇంకోటి చెప్పకుండా ఉండదు కదా. మన చర్మం పైపొర కొద్దిగా పుల్లగా, పీహెచ్ (పులుపును చెప్పే కొలత, అంకె ఎంత తగ్గితే అంత పులుపు) 5 దరిదాపుల్లో ఉంటుంది. నిమ్మరసం 2 దగ్గర, సోడా 8 పైన. రెండూ కలిసి నురగ వస్తే ‘పనిచేస్తోంది’ అనుకుంటాం. ఆ నురగ బొగ్గుపులుసు వాయువు, దానివల్ల చర్మానికి ఒరిగేదేమీ లేదు. కలపడంలో ఏది ఎక్కువైతే అది పైపొరను దెబ్బతీస్తుంది. పైగా నిమ్మతొక్కలోని కొన్ని పదార్థాలు అంటిన చర్మం మీద ఎండ పడితే కాలిన మచ్చే వస్తుంది. ఎరుపు తగ్గేవరకు ముఖానికి సెనగపిండి, పసుపు, టూత్‌పేస్టు, బ్లీచు, ఫేషియల్ ఏవీ వద్దు. గోరువెచ్చని నీళ్ళు, నురగ తక్కువ వచ్చే సువాసన లేని ఫేస్‌వాష్, ఆపైన మాయిశ్చరైజరు, పొద్దున్న సన్‌స్క్రీను. అంతే.

సన్‌స్క్రీను విషయంలో అందరూ చేసే పొరపాటు కొలత దగ్గర. సెనగగింజంత రాసి సరిపెడతారు. చూపుడువేలు, మధ్యవేలు రెండింటి పొడవునా గీత పెడితే ఎంత వస్తుందో అంత కావాలి ముఖానికీ మెడకీ. ట్యూబు మీద రాసే ఎస్‌పీఎఫ్ అంకె (ఎండను ఎంత ఆపుతుందో చెప్పేది) 30కి తగ్గకూడదు. మంగు ఉన్నవాళ్ళు జింక్ ఆక్సైడ్, ఐరన్ ఆక్సైడ్ ఉన్న రంగు సన్‌స్క్రీను తీసుకుంటే మేలు, ఎందుకంటే మంగును కంటికి కనిపించే వెలుతురు కూడా నల్లబరుస్తుంది. ఐరన్ ఆక్సైడ్ దాన్ని కొంత ఆపుతుంది, పైగా మచ్చను కప్పుతుంది కూడా. స్కూటీ మీద వెళ్తే స్కార్ఫు కట్టుకోండి. ఇవన్నీ చేసినా మంగు పలచబడటానికి నెలలు పడుతుంది. పెళ్ళికి పూర్తిగా పోతుందని ఎవరైనా మాటిస్తే నమ్మకండి.

ఇక వంట. మీ అత్తగారి మాటలో సగం నిజం ఉంది, అందుకే మీకు అంత కోపం వచ్చిందేమో. ఆరు కూరలు పాడవడం మీ వంట తప్పు కాదు, దాచిన తీరు తప్పు. వేడి కూరను లోతు గిన్నెలో మూతపెట్టి ఫ్రిజ్‌లోకి తోస్తే మధ్యభాగం చల్లబడటానికి గంటలు పడుతుంది, సూక్ష్మజీవులకు ఆ గోరువెచ్చదనమే కావాలి. ఆపైన రోజూ గిన్నె మొత్తం బయటికి తీసి, వేడిచేసి, గరిటె పెట్టి, మళ్ళీ లోపల పెట్టడం. మూడో రోజుకు వాసన రాక ఏమవుతుంది? వేపుడు మెత్తబడటం వేరే సంగతి. ముక్కలోని తేమ బయటికి వచ్చి కరకర పోతుంది, దానికి మందు లేదు. వండిన బంగాళదుంప ఫ్రిజ్ చలికి పలుకుగా అవుతుంది. కొబ్బరి, పల్లీ ముద్ద పడిన కూరలు అన్నిటికంటే ముందు పోతాయి.

కాబట్టి వండిన కూర దాచొద్దు. కూరకు ముందు జరిగే పని దాచండి. మీ పొద్దున్న సమయం పొయ్యి మీద పోవటంలేదు. కడగడం, తరగడం, నానబెట్టడం, చింతపండు పిసకడం, ఉల్లిపాయ వేగేదాకా నిలబడటం, వీటిలో పోతోంది. అవి ఆదివారం ఒక గంటన్నర, బుధవారం రాత్రి అరగంట పెడితే తేలతాయి. తాలింపు మాత్రం పొద్దున్నే పడుతుంది. అత్తగారు అడిగేది కూడా ఆ తాజా తాలింపే కదా.

మొదట ఉల్లి-టమాటా ముద్ద. అరకిలో ఉల్లిపాయలు సన్నగా తరిగి, ఆరు పెద్ద చెంచాల నూనెలో, పావుచెంచా పసుపు, చెంచా ఉప్పు వేసి ఎర్రబడే దాకా వేయించండి. మూడు చెంచాల అల్లంవెల్లుల్లి ముద్ద పచ్చివాసన పోయేదాకా వేపి, కిలో టమాటాలు మిక్సీ పట్టి పోయండి. మూత సగం వేసి సన్నసెగన మగ్గనివ్వాలి. అంచుల్లో నూనె తేలి, గరిటెతో గీత గీస్తే ఆ గీత వెంటనే మూసుకోకుండా నిలవాలి. మొత్తం ముప్పావుగంట పట్టొచ్చు, కానీ దగ్గర నిలబడనక్కర్లేదు. చాలామందికి ఇది పుల్లబడేది ఇక్కడే. నీళ్ళు ఇంకకముందే దించేస్తారు. పళ్ళెంలో పలచగా పరిచి ఆరనిచ్చి, నాలుగు చిన్న డబ్బాల్లో సర్దండి. ఒక పూటకు ఒక డబ్బా, తీసింది మళ్ళీ లోపలికి వెళ్ళకూడదు. రెండు డబ్బాలు ఫ్రిజ్‌లో, నాలుగు రోజుల్లోపు వాడేయాలి. మిగతా రెండు డీప్ ఫ్రీజరులో నెల ఉంటాయి. పొద్దున్న మూకుట్లో ఒక డబ్బా, చెంచా కారం, చెంచా ధనియాల పొడి, గ్లాసు నీళ్ళు, అవి మరిగాక ఉడికిన కోడిగుడ్లు వేస్తే పది నిమిషాల్లో గుడ్డు కూర. రాత్రి నానబెట్టి కుక్కర్లో ఉడికించిన అలసందలు వేసినా అదే కథ.

రెండోది వేపుళ్ళ మీద చల్లే పొడి. కప్పు పుట్నాల పప్పు, పది ఎండుమిర్చి, నాలుగు చెంచాల ఎండుకొబ్బరి, చెంచా జీలకర్ర, తగినంత ఉప్పు. మిర్చి సన్నసెగన, కొబ్బరి రంగు మారకముందే దించాలి, పుట్నాలు వేడెక్కితే చాలు. అన్నీ పూర్తిగా చల్లారాక మిక్సీ పట్టండి, వేడిమీద తిప్పితే నూనె ఊరి ముద్దకడుతుంది. ఎనిమిది వెల్లుల్లి రెబ్బలు చివర్లో వేసి ఒక్క తిప్పు. వెల్లుల్లి పడితే రెండు వారాలు, అదీ ఫ్రిజ్‌లో. వెయ్యకపోతే పొడి సీసాలో నెల పైనే నిలుస్తుంది. దొండ, బెండ, కాకర, ఏ వేపుడైనా ముక్క వేగాక పొయ్యి కట్టేసి రెండు చెంచాలు చల్లి కలపండి. మంటమీద చల్లితే పుట్నాలు మాడి చేదొస్తుంది.

కూరగాయల్లో అన్నీ ముందే తరగకూడదు. బీన్సు, క్యారెట్, క్యాబేజీ, దొండకాయ రెండు రోజులు ఉంటాయి. బెండకాయలు కడిగి, గుడ్డతో తుడిచి, ఆరాక తరిగితేనే జిగురు రాదు, అది కూడా ముందురోజు రాత్రి వరకే. వంకాయ, ఆలూ పొద్దున్నే తరగండి, లేకపోతే నల్లబడతాయి. ఆకుకూరలు గిల్లి, కడగకుండా, నూలుగుడ్డలో చుట్టి పెట్టండి. తడి తగిలితే రెండో రోజుకు కుళ్ళు. గోంగూర మాత్రం మినహాయింపు. నాలుగు కట్టల ఆకు కడిగి ఆరబెట్టి, మూడు చెంచాల నూనెలో తడి పూర్తిగా ఇగిరేదాకా మగ్గించి, సీసాలో సర్ది ఫ్రిజ్‌లో పెడితే వారం ఉంటుంది. పప్పులోకి, పచ్చట్లోకి, ఆదివారం చికెన్‌లోకి అదే సీసా.

పప్పు దగ్గర ఫ్రిజ్ గొడవ అసలు లేకుండా చేయొచ్చు. గ్లాసు కందిపప్పు, అంటే నూటయాభై గ్రాములు, పడుకునే ముందు కడిగి నీళ్ళు పోసి ఫ్రిజ్‌లో పెట్టండి, వేసవిలో బయట ఉంచితే పుల్లవాసన వస్తుంది. పొద్దున్న రెండున్నర గ్లాసుల నీళ్ళు, చిటికెడు పసుపు, అరచెంచా నూనెతో కుక్కరు అడుగు గిన్నెలో పప్పు, పై గిన్నెలో బియ్యం. నానిన పప్పు మూడు విజిల్స్‌కే మెదుగుతుంది, అన్నంతో పాటే దిగుతుంది. ఉప్పు, చింతపండు పప్పు ఉడికాకే వెయ్యాలి. పులుపు ముందే తగిలితే పప్పు ఎంతసేపటికీ మెత్తబడదు. ఇందులో మీకు ఇంకో లాభం ఉంది. ఉప్పు వేయకముందే రెండు గరిటెల పప్పు తీసి, మెత్తటి అన్నంలో అరచెంచా నెయ్యితో మెదిపితే పాప భోజనం అయిపోయినట్టే. ఏడాది నిండేదాకా పిల్లలకు ఉప్పు అక్కర్లేదు. పాపది మాత్రం ఏ పూటకాపూట చెయ్యండి, నిలవ పెట్టకండి.

దోసెల పిండి పులిసిపోతోందన్నారు. మొత్తం పిండి ఒకేసారి బయట పెట్టడం వల్ల వచ్చిన తంటా అది. రుబ్బగానే సగం పిండి ఉప్పు వేయకుండా నేరుగా ఫ్రిజ్‌లో పెట్టేయండి. అది మంగళవారం సాయంత్రం ఆరింటికల్లా బయట పెడితే బుధవారం పొద్దుటికి పొంగుతుంది. ఇడ్లీకైతే గ్లాసు మినపగుళ్ళకు రెండు గ్లాసుల ఇడ్లీ రవ్వ. రవ్వను నానబెట్టాక నీళ్ళు గట్టిగా పిండేసి కలపండి. పిండకపోతే నీళ్ళెక్కువై ఇడ్లీ పలకలాగా వస్తుంది. మిక్సీలో రుబ్బేవాళ్ళు చల్లటి నీళ్ళు పోయాలి, జారు వేడెక్కితే పిండి పొంగదు. మిగతా రోజులకు పెసరట్టు ఒక్కటి చాలు. రాత్రి నానబెట్టిన పెసలు, గుప్పెడు బియ్యం, అల్లం, పచ్చిమిర్చి కలిపి రుబ్బగానే అట్టు వేసుకోవచ్చు, పులియబెట్టే పనే లేదు.

క్యారేజీలో పెరుగన్నం మధ్యాహ్నానికి పుల్లబడకుండా ఉండాలంటే పెరుగు తగ్గించి పాలు పెంచండి. కప్పు అన్నం వేడి తగ్గాక మెదిపి, అరకప్పు కాచి చల్లార్చిన గోరువెచ్చని పాలు, చిన్న చెంచా పెరుగు కలిపితే ఒంటిగంటకు సరిగ్గా తోడుకుంటుంది. నిమ్మకాయ పులిహోరలో రసం పొయ్యి దించాకే పిండాలి. ఏ డబ్బా అయినా ఆవిరి పోయాకే మూత. వేసవిలో కొబ్బరిచట్నీ క్యారేజీలోకి పంపకండి, అల్లప్పచ్చడో పల్లీచట్నీయో పెట్టండి. మిగిలిన అన్నం మాత్రం గది వేడిలో మధ్యాహ్నం దాకా వదిలేసి రాత్రికి వేడిచేసుకోవద్దు. అన్నంలో పెరిగే ఒక బాక్టీరియా వదిలే విషం వేడిచేసినా పోదు. వండిన రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెడితే భయంలేదు.

ఇప్పుడు మనుషుల సంగతి. ‘అత్తగారిని ఆకుకూర గిల్లమనండి’ అని ఎవరైనా చెప్తారు. నేను చెప్పను. పాకే వయసు పిల్లను పొద్దున్న ఎనిమిది నుంచి సాయంత్రం దాకా ఆవిడ ఒక్కరే పట్టుకుంటున్నారు, అది ఇంట్లో అన్నిటికంటే బరువు పని. ‘ఫ్రిజ్ కూడు’ మాట వెనక ఆ అలసట కూడా ఉండొచ్చు. ఆవిడతో వాదన పెట్టుకునే బదులు ‘అత్తయ్యా, కూరలు ఇక నిలవ పెట్టను, మీరన్నదే నిజం. తరిగినవీ, ఉల్లిముద్దా పెడతాను, తాలింపు పొద్దున్నే వేస్తాను, చూడండి’ అని ఒక్కసారి చెప్పండి. ఆదివారం మధ్యాహ్నం మీరు ఈ పనులు చేసే గంటన్నర పాప ఆవిడ దగ్గర కాకుండా వాళ్ళ నాన్న దగ్గర ఉండాలి. ఆవిడకు ఆ పూట నడుం వాల్చే వీలు దొరికితే ఇంట్లో సగం మాటలు తగ్గుతాయి.

మీవారి ‘చెప్పు, చేస్తాను’ దగ్గర చిక్కేమిటంటే చెప్పడం కూడా పనే. రోజూ ఏం చేయాలో గుర్తుపెట్టుకుని పురమాయించేది మీరే అయితే చేతులే మారాయి, బుర్రలో బరువు మీదే. విడివిడి పనులు కాకుండా ఒక పూర్తి బాధ్యత అప్పగించండి. ఉదాహరణకు క్యారేజీలు: ముందురోజు డబ్బాలు కడగడం నుంచి, పొద్దున్న సర్ది మూతపెట్టి బాబు సంచిలో పెట్టేదాకా ఆయనదే. లేదా కుక్కరు: రాత్రి పప్పు నానేయడం, ఐదున్నరకు పొయ్యి మీద పెట్టడం, దించడం. మొదటి రెండు వారాలు మర్చిపోతాడు. ఆ పూట మీరు లేచి చేసేస్తే ఆ బాధ్యత మళ్ళీ మీ దగ్గరికే వస్తుంది. ఒకరోజు బాబు స్కూలు క్యాంటీన్లో తిన్నా మునిగిపోయేదేమీ లేదు.

ఇవేవీ కుదరకపోతే వారానికి రెండు రోజులు కర్రీ పాయింటు కూర తెచ్చుకోండి, అన్నం, పప్పు ఇంట్లో. నూనె, ఉప్పు, కారం ఎక్కువగా ఉంటాయి, కాబట్టి పిల్లలకు పప్పూ పెరుగూ పెట్టి కూర పెద్దవాళ్ళు తినండి. వంటమనిషిని పెట్టుకునే వీలుంటే రెండు పూటలూ కాకుండా పొద్దున్న ఒక గంటకే మాట్లాడుకోండి, ఖర్చు తగ్గుతుంది. కానీ వంటింట్లో ఇంకొకరి చెయ్యి అత్తగారికి ఎలా ఉంటుందో ముందే అడగడం మంచిది. తర్వాత గొడవ వస్తే ఆ గంటలో మిగిలిన సమయం దానికే పోతుంది.

జుట్టు గురించి అంత కంగారొద్దు. కాన్పయిన రెండు నుంచి నాలుగు నెలలకు జుట్టు ఎక్కువగా ఊడటం మొదలై, కొన్ని నెలలు సాగడం చాలామందిలో జరిగేదే. గర్భంతో ఉన్నప్పుడు రాలకుండా నిలిచిన వెంట్రుకలు ఒక్కసారిగా రాలతాయి. పాపకు ఏడాది నిండేసరికి చాలావరకు సర్దుకుంటుంది, ఏ నూనె రాసినా రాయకపోయినా. అయితే మీ అలసట చూస్తే హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వను చెప్పేది), థైరాయిడ్ ఒకసారి పరీక్ష చేయించుకోవడం నయం. కాన్పు తర్వాత ఇనుము తగ్గితే జుట్టూ పోతుంది, ఓపికా పోతుంది. భోజనం చేస్తూనే టీ, కాఫీ తాగే అలవాటుంటే గంట ఆగండి, అవి భోజనంలోని ఇనుమును సరిగా ఒంటబట్టనివ్వవు. గోంగూర పప్పులో నిమ్మరసం పిండుకుంటే ఇనుము బాగా పడుతుంది. తలస్నానం పొద్దున్న హడావుడిలో కాకుండా వారానికి రెండు రాత్రులు చేయండి, ఫ్యాను కింద పూర్తిగా ఆరాక వదులుగా జడ వేసుకుని పడుకుంటే పొద్దున్న పైపైన దువ్వితే చాలు. తడిజుట్టును బిగించి అల్లితే వాసనా వస్తుంది, విరుగుతుంది కూడా. రాత్రంతా నూనె అక్కర్లేదు, స్నానానికి గంట ముందు చాలు. చుండ్రు ఉన్నవాళ్ళకు నిలవ నూనె దాన్ని పెంచుతుంది.

బొట్టుబిళ్ళ ఇవాళ్టి నుంచి మానేయండి. కొన్ని బిళ్ళల జిగురులో ఉండే ఒక రసాయనం కొందరి చర్మంలో రంగునిచ్చే కణాలను దెబ్బతీస్తుంది. దురదతో మొదలై, బిళ్ళ ఆకారంలోనే తెల్లమచ్చగా మిగులుతుంది. వేరే కంపెనీ బిళ్ళ పెట్టినా, ఇంకోచోట పెట్టినా అదే రావచ్చు. డాక్టరుకు ముఖంతో పాటు ఆ చుక్క కూడా చూపించండి. ఈలోగా బొట్టు లేకుండా ఉండలేకపోతే ఐలైనరుతో మచ్చకు కాస్త ఎడంగా చుక్క పెట్టుకోండి, రాత్రి కడిగేయండి.

పెళ్ళికి గోరింటాకు పెట్టుకోవాలనుకుంటే పది నిమిషాల్లో నల్లగా పండుతుందనే కోన్ జోలికి పోవద్దు. అచ్చమైన ఆకు ఎర్రగానే పండుతుంది, నల్లరంగు జుట్టు రంగుల్లో వాడే రసాయనం వల్ల వస్తుంది, దానితో బొబ్బలెక్కినవాళ్ళున్నారు. మేకప్ మనిషిని మాట్లాడుకుంటే పెళ్ళికి పది రోజుల ముందే, ఆమె వాడే ఫౌండేషన్ కొంచెం దవడ కింద రాయించుకుని రెండు రోజులు చూడండి. దురద, ఎరుపు రాకపోతేనే ముఖానికి. కనుబొమ్మల థ్రెడింగు ఎరుపు తగ్గాకే, అదీ పెళ్ళికి మూడు నాలుగు రోజుల ముందు. పెళ్ళి ముందురోజు చేయిస్తే పలచబడిన చర్మం మీద దారం గీసుకుపోయిన గీత ఫొటోల్లో కనిపిస్తుంది.